వాసన లేని బండి

దేవరాజ్ కరెంటు కారు కొన్నది ఎడమ మోకాలి వల్ల. ముప్పై ఏళ్లు డీజిల్ బండ్లు నడిపాడు. మొదట ఒక కంపెనీ వ్యాను, తర్వాత సొంత టాక్సీ. బెంగళూరులో బండి నడపడమంటే క్లచ్ తొక్కడమే. టిన్ ఫ్యాక్టరీ కూడలి దగ్గర ఒక్క కిలోమీటరు దాటేలోపు ఎడమ కాలు ఎన్నిసార్లు కిందికి పోయి పైకి వచ్చేదో అతనికే తెలియదు. యాభై మూడో ఏట ఒక పొద్దున మంచం దిగబోతే ఆ మోకాలు వంగనంది. డాక్టరు ఎక్స్‌రే చూసి, "డ్రైవింగ్ అయినా వదిలెయ్, క్లచ్ అయినా వదిలెయ్" అన్నాడు.

డ్రైవింగ్ వదిలేస్తే పొద్దున లేచి ఏం చేయాలో అతనికి తోచలేదు. క్లచ్ వదిలేశాడు.

కె.ఆర్.పురం స్టేషను వెనక సందులో అతనిది కింది వాటా. ఇంటి యజమాని మంచివాడు కాబట్టి బయటి గోడకు పెద్ద ప్లగ్గు పెట్టించుకోనిచ్చాడు. పడుకునే ముందు తగిలిస్తే తెల్లారేసరికి బండి నిండి ఉండేది. గేర్లు లేవు. కాలు తీస్తే చాలు, దానంతటదే నెమ్మదించేది. నెల తిరక్కముందే మోకాలి వాపు తగ్గింది. సాయంత్రానికి ఒళ్లు హూనం కావడం పోయింది. చెవుల్లో ఎప్పుడూ ఉండే హోరు కూడా పోయింది.

పోయినవి ఇంకా కొన్ని ఉన్నాయి. డీజిల్ బండి ఉన్నప్పుడు నెలకోసారైనా మెకానిక్ షెడ్డుకు పోవాల్సి వచ్చేది. ఆయిల్ మార్చడమో, బెల్టు బిగించడమో. అక్కడ పాత టైరు మీద కూర్చుని రెండు టీలు తాగి, నలుగురితో నాలుగు మాటలు మాట్లాడి వచ్చేవాడు. పెట్రోలు బంకులో తెల్లవారుజామున ఉండే కుర్రాడు పేరు పెట్టి పలకరించేవాడు. ఈ బండికి ఆయిలూ లేదు, బంకూ లేదు. దేనికీ ఎవరి దగ్గరికీ పోనక్కర్లేదు. ఏడాదికోసారి షోరూములో ఇస్తే, కంప్యూటరుకు తగిలించి చూసి, ఏమీ లేదని తిరిగి ఇచ్చేసేవారు.

ఇంట్లోనూ ఎవరూ లేరు. భార్య రంజిత ఆరేళ్ల క్రితం ముళబాగిలులో అన్న ఇంటికి వెళ్లి అక్కడే ఉండిపోయింది. పెద్ద గొడవేమీ జరగలేదు. "నువ్వు సంసారం చేసేది ఆ బండితో. నేను యాల ఈ ఇంట్లో కావలి ఉండేది?" అని ఒక రోజు అంది. మరుసటి రోజు బస్సెక్కింది. అక్కడ కుట్టు మిషను పెట్టుకుంది. పిల్లలు లేరు. పదిహేను రోజులకోసారి అతను ఫోన్ చేసేవాడు.

ఫిబ్రవరిలో ఒక మంగళవారం మధ్యాహ్నం, వైట్‌ఫీల్డులో ఒక పెద్ద ఆస్పత్రి పక్కనున్న ఛార్జింగ్ స్టేషనులో బండి పెట్టుకుని కూర్చున్నాడు దేవరాజ్. ఆస్పత్రి గేటు ముందు ఒక టాక్సీ ఆగింది. అందులోంచి ఒకామె దిగి, ఫుట్‌పాత్ అంచున కూలబడింది. డ్రైవరు ఏదో గొణుక్కుంటూ వెనక సీటు తుడుచుకుని వెళ్లిపోయాడు. ఆమెకు యాభై ఏడు, యాభై ఎనిమిది ఉంటాయి. నీలం నూలు చీర. రెండు చేతుల నిండా గాజులు. ఎడమ చేతి వెనక, సూది గుచ్చిన చోట, దూది పెట్టి అంటించిన పట్టీ. కాసేపటికి ఒక ఆటో వచ్చింది. ఆమె లేచి దాని దగ్గరికి వెళ్లింది, పైట కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని వెంటనే వెనక్కి వచ్చేసింది.

దేవరాజ్ బండి సగం కూడా నిండకుండానే తీగ పీకి, గేటు దగ్గరికి తెచ్చాడు.

"ఏమాయెనమ్మా? యాడికి పోవల్ల?"

ఆమె తలెత్తి చూసింది. "తెలుగోళ్లా? బళేపేటకు పోవల్లప్పా. ఏ బండి ఎక్కినా ఆ పెట్రోలు వాసనకు కడుపులో తిప్పుతాది. ఇందాక ఆయప్ప కారులో కక్కేసినా. దించేసినాడు."

"నాది కరెంటు బండమ్మా. పొగ లేదు, పెట్రోలు వాసన లేదు. రండి."

ఆమె నమ్మలేదు. వెనక తలుపు తీసి, లోపలికి తల పెట్టి రెండుసార్లు పీల్చి చూసింది. "వాసన ఉండాది."

"ఏం వాసనమ్మా?"

"మల్లెపూల వాసన. నిజం పూలు కాదు."

డాష్‌బోర్డు మీద అతను పెట్టుకున్న సెంటు సీసా అది. దేవరాజ్ దాన్ని తీసి, మూత బిగించి, పక్కనున్న చెత్తడబ్బాలో వేశాడు. నాలుగు అద్దాలూ దించి ఐదు నిమిషాలు నిలబడ్డాడు. అప్పుడు ఆమె ఎక్కి, సీటుకు తల ఆనించి కళ్లు మూసుకుంది.

వైట్‌ఫీల్డు నుంచి బళేపేటంటే ఊరి కొస నుంచి నడిబొడ్డుకు. దారంతా అతను బ్రేకు మీద కాలు గట్టిగా పెట్టకుండా నడిపాడు. సిగ్నళ్ల దగ్గర ఆగినా బండిలో వణుకు లేదు. టిన్ ఫ్యాక్టరీ దాటుతుంటే ఆమె కళ్లు తెరవకుండానే అడిగింది.

"ఆగినామా, పోతా ఉండామా?"

"పోతా ఉండామమ్మా."

బళేపేట సర్కిల్లో దింపాడు. ఆమె ఇల్లూ అంగడీ ఉన్న సందులోకి కారు పట్టదు. దిగి, తలుపు పట్టుకుని ఒక నిమిషం నిలబడింది. "నాకి ఇంకా ఐదు తూర్లు పోయేది ఉండాది. మూడు వారాలకొక తూరి, మంగళవారం. మందు ఎక్కిస్తారు. నువ్వు వస్తావాప్పా?"

"వస్తానమ్మా" అన్నాడు.

ఆమె పేరు సరోజమ్మ. తాత కాలం నుంచి వాళ్లకు బళేపేటలో గాజుల అంగడి ఉంది. పెళ్లయిన రెండేళ్లకే భర్త పోతే పుట్టింటికి వచ్చేసి, తండ్రి తర్వాత అంగడి తనే చూసుకుంటోంది. పైన ఒంటరిగా ఉంటుంది. తమ్ముడు నాగరాజ్ పెళ్లాం బిడ్డతో చామరాజపేటలో వేరే ఉంటాడు. రొమ్ములో గడ్డ సంగతి అంగట్లో పనిచేసే మార్తకు తప్ప ఎవరికీ తెలియదు. మార్త మొదటిసారి తోడు వచ్చి, బంధువునని సంతకం పెట్టి, అంగడి తెరవాలని తిరిగి వెళ్లిపోయింది. ఇద్దరూ ఒకేసారి కనిపించకపోతే సందంతా అడుగుతుంది. అంత దూరాన వైట్‌ఫీల్డు ఆస్పత్రి ఎంచుకున్నది కూడా పేటవాళ్లెవరూ తారసపడరనే.

రెండో మంగళవారం ఆస్పత్రిలో నర్సు ఒక కాగితం పట్టుకుని వచ్చింది. రోగి తరఫున ఎవరో ఒకరు సంతకం పెట్టాలంది. సరోజమ్మ బయట బండిలో ఉన్న దేవరాజుకు ఫోన్ చేసింది. అతను చెప్పులు గుమ్మం దగ్గర విడిచి, వార్డులోకి బెరుకుగా వచ్చాడు.

"మీరు ఆమెకు ఏమవుతారు?" అని కన్నడంలో అడిగింది నర్సు. ఆమె పేరు శ్వేత అని కోటు మీద రాసి ఉంది.

"డ్రైవర్ని."

"డ్రైవర్లు పెట్టకూడదు. బంధువులే పెట్టాలి."

దేవరాజ్ కలం పట్టుకుని నిలబడిపోయాడు. మంచం మీది నుంచి సరోజమ్మ తెలుగులో అంది. "తమ్ముడని రాయప్పా. రాస్తే నీ సొమ్మేం పోతాది?"

అతను కన్నడ అక్షరాల్లో 'తమ్మ' అని రాసి, కింద సంతకం పెట్టాడు. తోబుట్టువులు లేనివాడు. తిరిగి వచ్చేటప్పుడు ఆమెను 'అక్కా' అని పిలిచాడు. ఆ తర్వాత నుంచి అతను వేరేలా పిలవలేదు.

రేడియో పెడితే ఆమె వద్దంది. డీజిల్ బండిలో వెనక సీటువాళ్లతో మాట్లాడాలంటే అరవాల్సి వచ్చేది. ఇందులో ఆమె నిట్టూర్చినా వినబడేది. వెళ్లేటప్పుడు గంటన్నర, వచ్చేటప్పుడు గంటన్నర. వచ్చేటప్పుడు ఆమె ఎక్కువగా కళ్లు మూసుకునే ఉండేది. వెళ్లేటప్పుడు మాట్లాడేది.

"అక్కా, మీ వాళ్లకు యాల చెప్పలేదు?" అని మూడో మంగళవారం అడిగాడు.

"నవ్యకు సంబంధం కుదిరుండాదప్పా. మా నాగరాజ్ కూతురు. శ్రావణంలో పెళ్లి. అబ్బాయి పేరు అభిజిత్, మంచోడే. మేనత్తకు ఈ రోగం అంటే అబ్బాయి తల్లి ఏమనుకుంటాది? రక్తంలోనే ఉండాదంటారు. పెళ్లి కానీ, ఆ పైన నేనే చెప్తా."

"జుట్టు..."

"తిరుపతికి పోయి తలనీలాలు ఇచ్చినానని చెప్పినా. అందరూ నమ్మినారు. ప్రసాదం యాడమ్మా అని ఒకామె అడిగినాది" అని నవ్వింది. తలకు కట్టుకున్న స్కార్ఫు సరిచేసుకుంది.

ఆమె కూడా అతణ్ని అడిగేది. "ఫోన్ చేసి రంజితతో ఏం మాట్లాడతావు?"

"తిన్నావా అంటా."

"తిన్నా అంటాది. ఆ పైన?"

"పెట్టేస్తా."

"ముప్పై ఏండ్లు ఊరంతా తిరిగినావు. ఒక్క మాట మిగల్లేదా చెప్పేకి?"

అద్దంలో చూస్తే ఆమె కిటికీలోంచి బయటికి చూస్తోంది.

ఆ మూడేసి వారాల మధ్య రోజులు అతనికి పొడుగ్గా ఉండేవి. వైట్‌ఫీల్డు ఆఫీసులవాళ్లు ఎక్కేవారు. చెవుల్లో తీగలు పెట్టుకుని, ఓటీపీ చెప్పి, దిగేదాకా ఫోనులోకి చూసేవారు. బండి చప్పుడు చేయదు, వాళ్లూ చేయరు. కొన్ని రోజులు సాయంత్రం ఇంటికి వచ్చాక తన గొంతు తనకే కొత్తగా అనిపించేది. సోమవారం సాయంత్రం మాత్రం అతనికి పని ఉండేది. వెనక సీటు తడిగుడ్డతో తుడిచేవాడు. చిన్న దిండు ఒకటి కొన్నాడు. వాంతి వస్తే పట్టుకోవడానికి కవర్లు, మూతున్న గ్లాసులో మజ్జిగ పెట్టేవాడు. బట్టలు సబ్బు వాసన రాకుండా రెండుసార్లు జాడించేవాడు.

మే నెలలో, ఐదోసారి మందు ఎక్కించిన పదో రోజు, మధ్యాహ్నం మార్త నుంచి ఫోన్ వచ్చింది. "అన్నా, అక్కకు జరం నూటరెండు ఉండాది. గడగడా వణుకుతా ఉండాది. ఆస్పత్రోళ్లు వెంటనే తీసుకుని రమ్మంటా ఉండారు."

అతను ఇందిరానగరులో ఉన్నాడు. వచ్చిన బుకింగు వద్దని, బళేపేటకు వెళ్లాడు. మార్త ఆమెను సర్కిలుదాకా నడిపించుకుని వచ్చింది. దగ్గర్లోనే ఏదైనా ఆస్పత్రికి పోదామంటే సరోజమ్మ వినలేదు. "నా కాగితాలన్నీ ఆడే ఉండాయి. ఆడికే పోనీ" అంది. మార్త కూడా ఎక్కబోతే, "అంగడి మూస్తే అందరూ అడుగుతారు. నువ్వుండు" అని ఆపేసింది.

హలసూరు దగ్గర వాన మొదలైంది. మామూలు వాన కాదు. టిన్ ఫ్యాక్టరీ చేరేసరికి రోడ్డు కనిపించలేదు. ముందు లారీలు, పక్కన బస్సులు, ఎక్కడివక్కడ నిలబడిపోయాయి. వంతెన కింద నీళ్లు నిలిచి మూడు కార్లు ఆగిపోయాయని ఎవరో అరుస్తూ చెప్పారు. పావుగంట గడిచింది. అరగంట గడిచింది. చుట్టూ ఇంజన్లు ఆపకుండా తిప్పుతున్నారు. వానలోనే నల్లటి పొగ కిందికి దిగుతోంది.

కారు లోపల మాత్రం పొగ లేదు. దేవరాజ్ అద్దాలన్నీ మూసి, బయటి గాలి లోపలికి రాకుండా పెట్టి, వెచ్చటి గాలి తిప్పాడు. ఛార్జింగు అయిపోతుందన్న భయం లేదు. ఇంకా నూటతొంభై కిలోమీటర్లు పోవచ్చని తెర మీద కనిపిస్తోంది. ఇలాగే ఆరేడు గంటలు నిలబడినా ఈ వెచ్చదనం ఆగదు. కాని ఆమెకు అన్ని గంటలు లేవు. ఆస్పత్రికి ఫోన్ చేస్తే, ఎంత తొందరగా వస్తే అంత మంచిదన్నారు. అంబులెన్సు వచ్చినా ఈ నీళ్లలోనే ఆగాలి.

సరోజమ్మ సంచిలో ఫోన్ మోగింది. నవ్య పేరు కనిపించింది.

"తియ్యద్దు" అంది సరోజమ్మ కళ్లు తెరవకుండా. ఆమె పళ్లు టకటక కొట్టుకుంటున్నాయి.

మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ మోగింది. దేవరాజ్ వెనక్కి తిరిగి ఆమె ముఖం చూశాడు. పెదాలు తెల్లబడ్డాయి. అతను చెయ్యి చాపి ఫోన్ తీసుకున్నాడు.

"అత్తా, టైలర్ నీ బ్లౌజ్ కొలతలు అడుగుతున్నాడు..."

"అమ్మా, నేను దేవరాజ్ అని, కారు డ్రైవర్ని. మీ అత్తను ఆస్పత్రికి తీసుకుపోతా ఉండా. టిన్ ఫ్యాక్టరీ దగ్గర వానలో నిలిచిపోయినాం."

"ఆస్పత్రా? ఏమైంది? యాక్సిడెంటా?"

"కాదమ్మా. ఆమెకు క్యాన్సరు. ఫిబ్రవరి నుంచి మందు ఎక్కిస్తా ఉండారు. ఇప్పుడు జరం ఎక్కువైనాది."

అవతల నుంచి నవ్య బండి నంబరు అడిగింది, అతను చెప్పాడు. వెనక నుంచి సరోజమ్మ, "దేవరాజూ..." అని మాత్రం అంది. కోపంగా కూడా అనలేకపోయింది.

నవ్య ఆఫీసు ఎం.జి.రోడ్డులో. మెట్రో ఎక్కి, బెన్నిగానహళ్లిలో దిగి, ఫుట్‌పాత్ మీద మోకాలి లోతు నీళ్లలో నడుచుకుంటూ వచ్చింది. అరగంట పట్టింది. కార్ల నంబర్లు చూసుకుంటూ వస్తున్న ఆ పిల్లను దేవరాజ్ హెడ్‌లైట్లు వేసి ఆర్పి పిలిచాడు. ఆమె వెనక తలుపు తీసింది. స్కార్ఫు జారిపోయి, సరోజమ్మ గుండు తల దిండు మీద ఒరిగి ఉంది. నవ్య తడిసిన రెయిన్‌కోటు విప్పి ముందు సీట్లో పడేసి, ఎక్కి, అత్త తలను ఒళ్లో పెట్టుకుంది.

"నాకెందుకు చెప్పలేదత్తా?" అని అడిగింది. సరోజమ్మ వినే స్థితిలో లేదు.

వాన కాస్త తెరిపిచ్చాక ట్రాఫిక్ పోలీసు ఒకాయన లారీలను పక్కకు జరిపించి దారి చేశాడు. దేవరాజ్ బండి ఆకుపచ్చ నంబరు ప్లేటు చూసి చెయ్యి అడ్డం పెట్టాడు. కరెంటు బండితో నీళ్లలోకి దిగుతావా అన్నాడు. "చక్రంలో సగం దాకానే ఉండాయి సార్. బ్యాటరీకి సీలు ఉండాది. పేషెంటు ఉండాది" అన్నాడు దేవరాజ్. ఆయన వెనక సీటులోకి ఒకసారి చూసి చెయ్యి తీసేశాడు. బానెట్లు తెరుచుకుని నిలబడిన పెట్రోలు కార్ల పక్కగా, మనిషి నడిచేంత మెల్లగా, ఆ బండి నీళ్లు దాటింది.

నాలుగున్నరకు ఆస్పత్రి చేరారు. వెంటనే లోపలికి తీసుకున్నారు. కాసేపటికి శ్వేత కాగితాలు పట్టుకుని బయటికి వచ్చి నవ్యను చూసింది.

"మీరు ఏమవుతారు? ఎప్పుడూ ఆమె తమ్ముడు సంతకం పెడతారే."

"నాన్నా? మా నాన్నకు తెలియదే!" అంది నవ్య.

శ్వేత గోడ పక్కన నిలబడిన దేవరాజ్ వైపు చూసింది. అతను నేల వైపు చూశాడు. నవ్య ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, అర్థమై, కలం తీసుకుని సంతకం పెట్టింది.

ఏడు గంటలకు నాగరాజ్ వచ్చాడు. కూతురు చెప్పిందంతా విని, కళ్లు తుడుచుకుని, దేవరాజ్ చేతులు రెండూ పట్టుకున్నాడు. "చానా ఉపకారం చేసినావప్పా. ఇంక మేము చూసుకుంటాం, నువ్వు ఇంటికి పో."

దేవరాజ్ ఇంటికి పోయాడు. వెనక సీట్లో దిండు తడిసి ఉంది.

మూడో రోజు కొబ్బరిబోండాలు తీసుకుని చూడ్డానికి వెళ్లాడు. జ్వరం దిగింది. సరోజమ్మ దిండుకు ఆనుకుని కూర్చుని ఉంది.

"చెప్పేసినావు కదా" అంది.

"చెప్పేసినా అక్కా."

"నీ మింద కోపం ఉండాది నాకు."

"ఉండనీ అక్కా."

నవ్య అత్త కాళ్ల దగ్గర కూర్చుని నారింజ వొలుస్తోంది. "అభిజిత్‌వాళ్ల అమ్మ నిన్న వచ్చి చూసి వెళ్లింది. గంటసేపు ఉంది. అత్త ఇన్నాళ్లు దేనికి భయపడిందో నాకు అర్థం కావట్లేదంకుల్" అంది.

అతను బయల్దేరుతుంటే నవ్య వరండాలోకి వచ్చింది. పెళ్లికి ముందే కారు కొనాలని తనూ అభిజితూ అనుకుంటున్నారట. పెట్రోలుదే చూశారట. "ఆ రోజు మీ బండిలో కూర్చున్నాక నాకు మనసు మారిపోయింది. బయట అంత పొగ, లోపల ఏమీ లేదు. అత్త వేరే ఏ బండీ ఎక్కలేదంట కదా. నిజం చెప్పండి అంకుల్, ఎలా ఉంటుంది? కొనొచ్చా?"

దేవరాజుకు ఆ ప్రశ్న వెనకాల ఏముందో వెంటనే తెలిసింది. వాళ్ల ఇంట్లో అలాంటి బండి ఉంటే ఆరో మంగళవారం ఎవరు తీసుకెళ్తారో తెలుసు. ఆ తర్వాత స్కాన్లకూ, పరీక్షలకూ ఎవరు తీసుకెళ్తారో తెలుసు. ఛార్జింగుకు తిప్పలమ్మా, దూరం పోలేరు, మీకు పెట్రోలే మేలు అని ఒక్క ముక్క అంటే చాలు. ఆ పిల్ల నమ్ముతుంది. అతను వరండా కొసనున్న కిటికీ దాకా చూసి, మళ్లీ ఆమె వైపు తిరిగాడు.

"కొనమ్మా" అన్నాడు. "ఇంట్లో ప్లగ్గు పెట్టుకునే చోటు ఉండాదా? పోర్టికో ఉండాదా? అయితే ఇంకేం. ఎర్త్ సరిగ్గా ఉండాదో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించు, అది మాత్రం మరవద్దు. పడుకునే ముందు తగిలిస్తే పొద్దునకు నిండిపోతాది. గేర్లు లేవు, క్లచ్ లేదు. ఈ ట్రాఫిక్‌లో దానికంటే సుఖం లేదు. నా మోకాలే సాక్షి. ఆయిలు మార్చేది లేదు. కాలు తీస్తేనే నిదానిస్తాది కాబట్టి బ్రేకులు కూడా అరగవు. ఒకడు బండిలో నిద్రపోతా ఉంటే, ఏసీ వేసి గంటలు గంటలు నిలబెట్టుకోవచ్చు, పొగ భయం లేదు. ముసలోళ్లకు, ఒంట్లో బాగలేనోళ్లకు దీనికి మించిన బండి లేదు."

"మరి కష్టాలు?"

"ఉండాయి. పండగప్పుడు హైవేలో ఛార్జింగ్ దగ్గర క్యూ ఉంటాది. దూరం పోయేటప్పుడు ముందే చూసుకుని బయల్దేరల్ల. మొదటి నెల, యాడ ఆగిపోతాదో అని గుండె కొట్టుకుంటా ఉంటాది. ఆ తర్వాత అలవాటైపోతాది. లోపల సెంటు సీసాలు మాత్రం పెట్టద్దు. అక్కకు పడదు."

నవ్య అదంతా ఫోనులో రాసుకుంది.

ఆరో మంగళవారం పొద్దున ఆరుంబావుకు అతను ఎప్పటిలాగే బళేపేట సర్కిల్లో బండి ఆపాడు. వెనక కొత్త దిండు ఉంది. మజ్జిగ ఉంది. అంగళ్లవాళ్లు ఒక్కొక్కరే షట్టర్లు ఎత్తుతున్నారు. ఆరున్నర అయింది. ఏడయింది. ఫోన్ చేస్తే ఎత్తలేదు. ఏడుంబావుకు మార్త అంగడి తాళాలు పట్టుకుని సందులోకి వస్తూ అతణ్ని చూసి ఆగింది.

"అయ్యో అన్నా, నువ్వు వచ్చినావా! అక్క మొన్ననే నాగరాజన్న ఇంటికి పోయినాది. కొత్త కారు వచ్చినాది కదా, నవ్యే తీసుకుపోతాది. నీకు ఎవురూ చెప్పలేదా?"

"చెప్పినారు" అన్నాడు దేవరాజ్. "వేరే పని మింద వచ్చినా."

మజ్జిగ గ్లాసు మార్త చేతికిచ్చి, బండి తిప్పుకుని వచ్చేశాడు.

ఆ సాయంత్రం సరోజమ్మే ఫోన్ చేసింది. గొంతు నీరసంగా ఉంది. "మార్త చెప్పినాది. నీకి వాళ్లు చెప్తారని నేననుకున్నా, నేను చెప్తానని వాళ్లనుకున్నారు. ఎవురూ చెప్పలేదు. తప్పయిపోయినాదప్పా."

"దానికేమక్కా. బండి ఎట్ల ఉండాది?"

"బాగుండాది. వాసన లేదు" అంది. "దారంతా నవ్య స్పీకరులో ఫోన్ మాట్లాడతానే ఉండాది. పిల్లకు తీరిక లేదు పాపం."

ఇంకేదో అంటుందేమోనని దేవరాజ్ చెవికి ఫోన్ గట్టిగా ఆనించుకున్నాడు. వెనక ఎవరో భోజనానికి పిలిచారు. "ఉంటానప్పా" అని పెట్టేసింది.

జూలై ఆఖర్లో ఒక ఆదివారం మధ్యాహ్నం నవ్య ఫోన్ చేసింది. ఛార్జరు తీగ బండికి ఇరుక్కుపోయింది, ఎంత లాగినా రావడం లేదు, అభిజిత్ ఊళ్లో లేడు, షోరూములో ఎవరూ ఫోన్ ఎత్తడం లేదు. "ఎలా తీయాలో ఫోనులో చెప్తారా అంకుల్?"

ఫోనులో చెప్తే సరిపోయే పనే. బండిని తాళంతో ఒకసారి మూసి, మళ్లీ తెరిచి, మీట నొక్కి లాగితే వస్తుంది. దేవరాజ్ అప్పుడు కె.ఆర్.పురంలో, తన గదిలో, అన్నం వార్చుకుంటున్నాడు.

"నేను ఈడే దగ్గర్లో ఉండానమ్మా. వచ్చి చూస్తా" అన్నాడు.

గంట తర్వాత చామరాజపేటలో వాళ్ల ఇంటి ముందు దిగాడు. పోర్టికోలో తెల్లటి కొత్త బండి. గోడకు పెట్టె, ఎర్త్ తీగ సరిగ్గా వేసి ఉంది. అతను తాళం తీసుకుని, మూసి, తెరిచి, మీట నొక్కాడు. తీగ వచ్చేసింది. రెండు నిమిషాలు కూడా పట్టలేదు.

"ఇంతేనా!" అని నవ్య నవ్వింది. లోపలికి రమ్మంటే చెప్పులు విడవడం దేనికని మెట్ల మీదే కూర్చున్నాడు. ఆమె కాఫీ తెచ్చింది. స్కానులో ఏమీ లేదని చెప్పింది. ఇంక ఆరు నెలలకోసారి చూపించుకుంటే చాలట. పెళ్లి తేదీ ఖాయమైంది, కార్డు మీ ఇంటికి తెచ్చి ఇస్తామంది. అతను ఇంటి గుర్తులు చెప్పాడు.

మెట్ల మీది నుంచి ముందు గది కిటికీ కనిపిస్తోంది. లోపల సరోజమ్మ గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. తల మీద అంగుళం పొడుగున జుట్టు మొలిచింది. నెరిసి, ఉంగరాలుగా, పసిపిల్లల జుట్టులా ఉంది. ఫ్యాను గాలికి కదులుతోంది.

"ఇప్పుడే భోంచేసి పడుకుంది. లేపనా? మీరొచ్చారంటే సంతోషిస్తుంది."

"వద్దమ్మా. నిద్రపోనీ."

"కాసేపుంటే తనే లేస్తుంది."

"బుకింగు ఉండాది" అన్నాడు. లేదు. కాఫీ గ్లాసు కడిగి ఇవ్వబోతే నవ్య అతని చేతిలోంచి లాక్కుంది.

అతను గేటు వేసి, బండి ఎక్కి, సందు చివరిదాకా వచ్చి ఆపాడు. ఒక నిమిషం వెనక అద్దంలోకి చూశాడు. గేటు దగ్గర ఎవరూ లేరు. ఫోన్ తీసి యాప్ తెరిచి, పనికి సిద్ధంగా ఉన్నట్టు గుర్తు పెట్టాడు. మెజెస్టిక్ నుంచి వైట్‌ఫీల్డుకు ఒక పిలుపు వచ్చింది. సంచులతో బస్టాండు ముందు నిలబడిన కుర్రవాడు ఎక్కి, ఓటీపీ చెప్పి, చెవుల్లో తీగలు పెట్టుకున్నాడు.

"ఏసీ తగ్గించల్లనా సార్?" అని దేవరాజ్ అడిగాడు.

జవాబు రాలేదు. అతను కాస్త తగ్గించి, బండిని ట్రాఫిక్‌లోకి పోనిచ్చాడు.